‘టర్న్ అవుట్’: ఎవరు ఎవర్ని తిప్పుతున్నారు? రోజువారీ వాక్యాల్లో ఎలా వాడాలి?

వెన్నెలపిట్ట:
అందరికీ నమస్కారం. ఆఫీసు మెయిళ్ళలో ‘టర్న్స్ అవుట్’ అనే ముక్క తరచూ తగులుతోంది. నిన్న వచ్చినది చూడండి: “టర్న్స్ అవుట్ ద ఫైల్ వాజ్ నెవర్ సెంట్.” ఫైల్ పంపలేదన్న సంగతి అర్థమైంది. కానీ మొదటి రెండు మాటలూ అక్కడ ఎందుకున్నాయో తెలీలేదు. “ద ఫైల్ వాజ్ నెవర్ సెంట్” అంటే సరిపోదా? డిక్షనరీ తీస్తే తల తిరిగింది. దీపం ఆర్పడం దగ్గర్నుంచి ఇంట్లోంచి గెంటెయ్యడం దాకా ఏవేవో అర్థాలున్నాయి. ఇవన్నీ ఒకే మాటకా?

నేను సొంతంగా రాసుకున్న మూడు వాక్యాలు కింద పెడుతున్నాను. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

“ఇట్ వాజ్ టర్న్‌డ్ అవుట్ దట్ ద మీటింగ్ వాజ్ క్యాన్సిల్డ్.”
“ద న్యూ అకౌంటెంట్ వాజ్ టర్న్‌డ్ అవుట్ టు బి వెరీ హానెస్ట్.”
“మై సిస్టర్ టర్న్‌డ్ అవుట్ ఎ లాయర్ లాస్ట్ ఇయర్.”

బద్ధకరాజు:
రెండో వాక్యం చదివితే పాపం ఆ అకౌంటెంట్ మీద జాలేసింది. నిజాయితీగా ఉండాలని చెప్పి మెడపట్టి గెంటేశారా ఏంటి?

వెన్నెలపిట్ట:
అదేంటండీ! నిజాయితీపరుడని తేలింది అని కదా నేను రాసింది?

సుధ టీచర్:
వెన్నెలపిట్ట గారూ, రాజు గారు నవ్వులాటకి అన్నా అసలు విషయం అక్కడే ఉంది. ‘తేలడం’ అనే అర్థంలో వాడినప్పుడు ‘టర్న్ అవుట్’కి ముందు ‘వాజ్’ రాదు. పెట్టారంటే అర్థం వేరే దారి పడుతుంది. “హి వాజ్ టర్న్‌డ్ అవుట్” అంటే అతన్ని ఎవరో బయటికి పంపేశారు. “హి టర్న్‌డ్ అవుట్ టు బి హానెస్ట్” అంటే అతను నిజాయితీపరుడని తేలింది. మధ్యలో ఉన్నది ఒక్క ‘వాజ్’ మాత్రమే.

ఈ ‘వాజ్’ మనకి ఎక్కణ్ణుంచి వచ్చి చేరుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే క్లాసులో ఏటా ఇదే కనిపిస్తుంది. ‘అని తెలిసింది’ అన్నదానికి “ఇట్ వాజ్ ఫౌండ్ దట్” అని బళ్ళో నేర్చుకుంటాం. అది ఒప్పే. ‘ఫైండ్’ అనే పని చేసేవాడు ఒకడుంటాడు, వాడి పేరు చెప్పకుండా దాటెయ్యాలంటే ‘వాజ్’ కావాలి. ‘టర్న్ అవుట్’లో దాటెయ్యడానికి ఎవరూ లేరు. విషయం దానంతటదే పైకి వస్తుంది. తెలుగులో కూడా ‘తేలింది’ అంటాం గానీ ‘తేలబడింది’ అనం కదా, అచ్చం అంతే.

మీ మొదటి వాక్యం: “ఇట్ టర్న్‌డ్ అవుట్ దట్ ద మీటింగ్ హ్యాడ్ బీన్ క్యాన్సిల్డ్.” ఇక్కడ ‘హ్యాడ్ బీన్’ ఎందుకంటే, మీటింగ్ రద్దయింది ముందు, మీకు తెలిసింది తర్వాత.

మూడోదాంట్లో చిక్కు వేరు. మీ చెల్లెలు పోయిన ఏడాది లాయరైంది. అది మార్పు. దానికి ‘బికేమ్’ వాడాలి. “అవర్ నెయిబర్ టర్న్‌డ్ అవుట్ టు బి ఎ లాయర్” అంటే ఆ పక్కింటాయన ఎప్పట్నుంచో లాయరే, మనకే ఇప్పుడు తెలిసింది. అవడం వేరు, తేలడం వేరు.

పోతే మీ మెయిల్. ఆ ‘టర్న్స్ అవుట్’ని తెలుగులో ‘తీరా చూస్తే’ అని చదువుకోండి. “ఫైల్ పంపలేదు” అంటే ఒట్టి సమాచారం. “తీరా చూస్తే ఫైల్ అసలు పంపనేలేదు” అంటే దాని వెనక ఒక కథ ఉంది. పంపారనుకున్నారు, అవతలివాళ్ళు రాలేదన్నారు, ఎవరో వెతికారు, చివరికి ఇదీ సంగతి. ఆ కథంతా ఆ రెండు మాటల్లో ఉంది.

వెన్నెలపిట్ట:
‘తీరా చూస్తే’! ఇంత తేలికైన మాట ఏ డిక్షనరీలోనూ లేదేంటండీ. చాలా థాంక్స్ టీచర్ గారూ. ఒక చిన్న సందేహం. ‘ఇట్’ లేకుండా వాక్యం ‘టర్న్స్ అవుట్’తో మొదలవ్వొచ్చా? కర్త లేకుండా ఇంగ్లీషు వాక్యం ఉండదని కదా చెప్తారు?

సుధ టీచర్:
మాట్లాడేటప్పుడు, చాటింగ్‌లో, తోటివాళ్ళకి రాసే మెయిల్‌లో ‘ఇట్’ మింగేస్తారు. అక్కడ అది తప్పు కాదు. పరీక్షలోనో దరఖాస్తులోనో రాస్తే మాత్రం ‘ఇట్’ ఉంచండి.

అనువాదకుడు:
టీచర్ గారూ, ‘తీరా చూస్తే’ బాగానే ఉంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను. మన ‘తీరా’లో ఎంతో కొంత ఆశాభంగం ఉంటుంది. “తీరా వెళ్తే తలుపుకి తాళం” అంటాం. “తీరా వెళ్తే అందరూ ఎంతో ఆప్యాయంగా పలకరించారు” అంటే చెవికి అదోలా ఉంటుంది. ‘టర్న్ అవుట్’కి ఆ పట్టింపు లేదు. “ఎవ్రిథింగ్ టర్న్‌డ్ అవుట్ ఫైన్” అంటారు, అంతా బాగానే జరిగిందని. “ద ఫొటోస్ టర్న్‌డ్ అవుట్ వెల్” అంటారు, ఫొటోలు బాగా వచ్చాయని. ఇక్కడ ‘తీరా చూస్తే’ ఎక్కడ పెడతారు?

అంటే తెలుగులో దీనికి ఒకే మాట కుదరదు. అనువాదం చేసేటప్పుడు నేను మొదట చూసేది దాని తర్వాత ఏముందో. ‘దట్’ గానీ ‘టు బి’ గానీ ఉంటే ‘తేలింది’, ‘అని తెలిసింది’, సందర్భాన్ని బట్టి ‘తీరా చూస్తే’. ‘వెల్’, ‘ఫైన్’, ‘బ్యాడ్లీ’ లాంటివి ఉంటే ‘వచ్చింది’, ‘జరిగింది’, ‘కుదిరింది’.

సుధ టీచర్:
ఒప్పుకుంటాను. ‘తీరా’కి ఆ చేదు ఉంది. కానీ అనుకున్నది ఒకటి, అయినది ఒకటి అన్న భావం మాత్రం ‘టర్న్ అవుట్’లో ఉండి తీరాలి కదా? ఆశ్చర్యం లేని చోట దాన్ని వాడం.

అనువాదకుడు:
అక్కడే నాకు అభ్యంతరం. “యాజ్ ఐ ఎక్స్‌పెక్టెడ్, ద కీ టర్న్‌డ్ అవుట్ టు బి ఇన్ హిజ్ పాకెట్.” నేను అనుకున్నట్టే తాళంచెవి వాడి జేబులోనే ఉందని తేలింది. ఇందులో ఆశ్చర్యం ఏముంది? అయినా వాక్యం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. కావల్సింది ఆశ్చర్యం కాదు. అప్పటిదాకా సంగతి ఖాయంగా తెలియకపోవడం. తెలియనిది తెలియడమే ఇందులో సారం. ఆశ్చర్యం తరచూ వెంట వస్తుంది గానీ రావాలన్న రూలు లేదు.

ముందే అందరికీ తెలిసిన దానికి పెట్టి చూడండి. “ద సన్ టర్న్‌డ్ అవుట్ టు బి హాట్” అంటే సూర్యుడు వేడిగా ఉంటాడని ఇవాళే కనిపెట్టినట్టు ఉంటుంది. “టుడే టర్న్‌డ్ అవుట్ టు బి మండే” కూడా అంతే, ఎవరూ అనరు.

బద్ధకరాజు:
నాకు ఆ ఆఖరి వాక్యం ప్రతి వారం పనికొస్తుంది.

సుధ టీచర్:
హహ. అనువాదకుడు గారూ, ‘తెలియకపోవడం’ అన్న మాట బాగుంది, తీసుకుంటాను. అయితే పిల్లలకి మొదట్లో ఆశ్చర్యంతో చెప్తేనే పట్టుబడుతుంది. తర్వాత మినహాయింపు చెప్పుకోవచ్చు.

పాతకలం:
చర్చ రసవత్తరంగా ఉంది. నా వంతు రెండు పాత సంగతులు.

వెన్నెలపిట్ట గారికి తల తిరగడం ఇవాళ్టి వింతేమీ కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు వేసినప్పుడు పీఠికలోనే ఈ గోడు వెళ్ళబోసుకున్నాడు. క్రియకి చివర ఒక చిన్న ముక్క తగిలించి అర్థం మార్చెయ్యడం ఇంగ్లీషులో మిగతా భాషల కంటే ఎక్కువనీ, పరాయి భాషవాళ్ళని అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదేననీ రాశాడు. ఉదాహరణలు కూడా ఇచ్చాడు. వాటిలో ‘టేక్ ఆఫ్’ ఒకటి. దానికి ఆయన చెప్పిన అర్థం అనుకరించడం. ఇవాళ ఆ మాట వింటే మనకి విమానం గుర్తొస్తుంది. అనుకరించడం అనే అర్థం ఇంకా బతికే ఉంది, కాకపోతే వాడేవాళ్ళు తక్కువ.

ఇక ఇలా చిన్న ముక్క తగిలించుకున్న క్రియలకి ఉన్న ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు. అది బాగా వాడుకలోకి రావడానికి కారణం లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో వేసిన పుస్తకం. ఆ పేరు తనకి సూచించింది హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. బ్రాడ్లీ ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు సంపాదకుల్లో ఒకడు. అంటే జనం నోళ్ళలో శతాబ్దాలుగా నలుగుతున్న దానికి పేరు స్థిరపడి ఇంకా వందేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు.

నిజానికి తెలుగువాళ్ళం దీనికి భయపడాల్సిన అవసరం లేదు. మనం తక్కువ తిన్నామా? ‘పడు’ తీసుకోండి. బయటపడు, నిలబడు, తెగబడు, విరుచుకుపడు. వీటిలో ఎవరైనా కిందపడ్డారా? పరాయివాడు మన ‘పడు’ చూసి ఏడవడం న్యాయమైతే మనం ‘టర్న్’ చూసి ఏడవడం కూడా న్యాయమే.

వెన్నెలపిట్ట:
అవునండీ, ‘బయటపడింది’ కూడా ‘టర్న్‌డ్ అవుట్’కి దగ్గరగానే ఉంది కదా. “నిజం బయటపడింది.”

అనువాదకుడు:
దగ్గరే గానీ ఒకటి కాదు. “ద ట్రూత్ టర్న్‌డ్ అవుట్” అనరు. నిజం బయటపడటానికి ‘కేమ్ అవుట్’ వాడాలి: “ద ట్రూత్ కేమ్ అవుట్.” ‘టర్న్ అవుట్’ అన్నారంటే వెంటనే ఆ నిజం ఏమిటో, అది ఎలా ఉందో చెప్పాలి. “ద స్టోరీ టర్న్‌డ్ అవుట్ టు బి ట్రూ.” తేలింది అన్నాక ఏమని తేలిందో చెప్పకుండా ఆగలేం కదా.

అర్ధరాత్రి చదువరి:
ఇన్నాళ్ళూ ఊరికే చదివి వెళ్ళిపోయేవాణ్ణి, దీనికోసమే లాగిన్ అయ్యాను. నాకు ‘ఎండ్ అప్’కీ ‘టర్న్ అవుట్’కీ తేడా తెలియట్లేదు. రెండిటికీ ‘చివరికి’ అనే రాసుకుంటున్నాను. వచ్చే నెల ఇంగ్లీష్ టెస్ట్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

సుధ టీచర్:
తేడా తేలికే బాబూ. మనిషికి పట్టిన గతి చెప్పాలంటే ‘ఎండ్ అప్’. బయటపడ్డ సంగతి చెప్పాలంటే ‘టర్న్ అవుట్’.

ఒకే సంఘటనకి రెండూ రాసి చూపిస్తాను. బస్సు కోసం నిలబడ్డారు. ఎంతకీ రాలేదు. అడిగితే ఆ బస్సు ఆదివారం తిరగదన్నారు. నడిచి ఇంటికి వెళ్ళారు. ఇప్పుడు: “ఇట్ టర్న్‌డ్ అవుట్ దట్ ద బస్ డజ్ నాట్ రన్ ఆన్ సండేస్, సో ఐ ఎండెడ్ అప్ వాకింగ్.” బస్సు లేదన్నది తేలిన సంగతి. నడవాల్సి రావడం మీకు పట్టిన గతి. “ఐ టర్న్‌డ్ అవుట్ వాకింగ్” అంటే వాక్యమే కాదు.

‘ఎండ్ అప్’ తర్వాత ‘ఇంగ్’ రూపం నేరుగా వస్తుంది. ‘టర్న్ అవుట్’ తర్వాత ‘టు బి’, లేకపోతే ‘టు హ్యావ్’. “హి టర్న్‌డ్ అవుట్ టు హ్యావ్ లెఫ్ట్ ఆల్‌రెడీ.” అతను అప్పటికే వెళ్ళిపోయాడని తేలింది.

అర్ధరాత్రి చదువరి:
‘టు బి’ ఎప్పుడు తీసెయ్యొచ్చు?

సుధ టీచర్:
విశేషణం ముందు తీసెయ్యొచ్చు. “ద రూమర్ టర్న్‌డ్ అవుట్ ఫాల్స్” అన్నా, “టర్న్‌డ్ అవుట్ టు బి ఫాల్స్” అన్నా ఒకటే. నామవాచకం ముందు అక్కడక్కడ తీసేసి రాస్తారు గానీ మీకు పరీక్ష దగ్గరపడింది, ఉంచెయ్యండి. ఉంచితే ఎప్పుడూ తప్పు కాదు.

అనువాదకుడు:
తెలుగువాళ్ళు నిజంగా బోల్తా పడే చోటు ఇంకొకటి ఉంది, దాని గురించి ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. వ్యతిరేకార్థం.

తెలుగులో రెండు వాక్యాలు చూడండి. “ఆ వార్త నిజం కాదని తేలింది.” “ఆ వార్త నిజమని తేలలేదు.” మనకి ఇవి రెండూ వేరు. మొదటిది తీర్పు, వార్త అబద్ధం. రెండోది పెండింగు. ఇంకా తేలలేదు, రేపు నిజమని తేలినా తేలొచ్చు.

ఇంగ్లీషులో “ద న్యూస్ టర్న్‌డ్ అవుట్ నాట్ టు బి ట్రూ” అన్నా, “ద న్యూస్ డిడ్ నాట్ టర్న్ అవుట్ టు బి ట్రూ” అన్నా మామూలుగా వినేవాడికి చేరేది ఒకటే, నిజం కాదని. రెండోదాంట్లో నిజమవుతుందని ఎవరో అనుకున్నారన్న ఛాయ ఉంటుంది, అంతే. ఫలితం ఇంకా రాలేదన్న భావం అందులో లేదు. కాబట్టి ‘తేలలేదు’ చూడగానే ‘డిడ్ నాట్ టర్న్ అవుట్’ అని దించేశారంటే, ఇంకా విచారణలో ఉన్న మనిషిని మీరే దోషిని చేసెయ్యొచ్చు. “దొంగతనం అతను చేయలేదని తేలలేదు” లాంటి వాక్యం వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. దానికి “ఇట్ ఈజ్ నాట్ యెట్ క్లియర్” అనో, “ఇట్ హ్యాజ్ నాట్ బీన్ ఎస్టాబ్లిష్డ్” అనో రాసుకోవాలి. వార్తల డెస్కులో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ముక్క గోడకి అంటించుకోండి.

సుధ టీచర్:
ఇది నేను ఎప్పుడూ ఇలా విడదీసి చూడలేదు. చాలా బాగా చెప్పారు.

పాతకలం:
‘తేలలేదు’లో ఇంకా నీళ్ళలోనే ఉందన్న భావం ఉంది. ఇంగ్లీషు క్రియలో ఆ నీళ్ళు లేవు. బాగుంది.

కీబోర్డు కృష్ణ:
అన్నలూ అక్కలూ, వ్యాకరణం సరే, ఆఫీసు రాజకీయం సంగతి ఎవరూ చెప్పట్లేదు. వెన్నెలపిట్ట గారి మెయిల్‌లో “యు నెవర్ సెంట్ ద ఫైల్” అని లేదు గమనించారా? ‘మీరు పంపలేదు’ అంటే వేలెత్తి చూపినట్టు. “టర్న్స్ అవుట్ ద ఫైల్ వాజ్ నెవర్ సెంట్” అంటే తప్పు ఎవరి నెత్తినా పెట్టకుండా సంగతి మాత్రం టేబుల్ మీద పెట్టినట్టు. అటు ‘టర్న్స్ అవుట్’, ఇటు ‘వాజ్ సెంట్’. పంపాల్సిన మనిషి రెండు చోట్లా మాయం.

మా టీమ్‌లో బగ్ దొరికినప్పుడు అందరూ వాడేది ఇదే. “టర్న్స్ అవుట్ ద సర్వర్ వాజ్ డౌన్.” ఎవరు ఆపారో ఎవరూ అడగరు.

కాకపోతే తిరగేసి వాడితే గట్టిగానే గుచ్చుకుంటుంది. “టర్న్స్ అవుట్ సమ్‌బడీ ఫర్‌గాట్ టు సెండ్ ద ఫైల్.” ఆ ‘సమ్‌బడీ’ ఎవరో గదిలో అందరికీ తెలుసు.

వెన్నెలపిట్ట:
బాబోయ్. అయితే నాకు వచ్చిన మెయిల్ మర్యాదస్తులదే అన్నమాట. ఫైల్ పంపాల్సింది నేను కాదులెండి!

ఇంకో సందేహం. ‘టర్న్స్’ అనాలా ‘టర్న్‌డ్’ అనాలా? జరిగిపోయిన దానికి వర్తమానం ఎందుకు?

కీబోర్డు కృష్ణ:
ఇప్పుడే తెలిసింది, ఇప్పుడే చెప్తున్నాను అంటే ‘టర్న్స్ అవుట్’. అప్పుడెప్పుడో జరిగిన కథ చెప్తుంటే ‘టర్న్‌డ్ అవుట్’. చాట్‌లో తొంభై పాళ్ళు మొదటిదే చూస్తాం, ఎందుకంటే అక్కడ అంతా వేడివేడి సమాచారమే.

సుధ టీచర్:
కృష్ణ చెప్పింది సరిగ్గా ఉంది. అలాగే “లెట్స్ సీ హౌ ఇట్ టర్న్స్ అవుట్” అనేది మొత్తంగా కంఠతా పెట్టుకోండి. ఎలా తేలుతుందో చూద్దాం అని. రాబోయే విషయమైనా అక్కడ ‘విల్’ పెట్టకుండా చెప్పడమే ఎక్కువ వాడుక.

“హౌ డిడ్ ఇట్ గో?”కీ “హౌ డిడ్ ఇట్ టర్న్ అవుట్?”కీ కూడా తేడా ఉంది. ఇంటర్వ్యూ ముగించుకుని గదిలోంచి బయటికి రాగానే అడిగేది మొదటిది, ఎలా జరిగింది అని. ఉద్యోగం వచ్చిందో లేదో తెలిశాక అడిగేది రెండోది.

నిర్వాహకుడు:
మొదటి పోస్టులో అడిగిన మిగతా అర్థాలు ఇంకా మిగిలే ఉన్నాయి. దీపం, గెంటెయ్యడం వగైరా. ఎవరైనా చెప్తే ఈ చర్చని పిన్ చేస్తాను.

పాతకలం:
నేనందుకుంటాను. ‘అవుట్’ అంటే మూలంలో బయటికి. ‘టర్న్’ అంటే తిప్పడం, మళ్ళించడం. ఈ రెండూ గుర్తుంటే సగం అర్థాలు వాటంతటవే విప్పుకుంటాయి.

మనిషిని బయటికి మళ్ళిస్తే గెంటెయ్యడం. “ద ఓనర్ టర్న్‌డ్ దెమ్ అవుట్.” జేబుని లోపలిది బయటికి తిప్పితే “టర్న్ అవుట్ యువర్ పాకెట్స్”, జేబులు తిరగేసి చూపించు అని. అచ్చులో పోసినదాన్ని బోర్లించి తీసినా ఇదే మాట. ఫ్యాక్టరీలోంచి సరుకు బయటికి వస్తుంటే “ద ఫ్యాక్టరీ టర్న్స్ అవుట్ ఫైవ్ హండ్రెడ్ చెయిర్స్ ఎ డే.” ఫ్యాక్టరీకే కాదు, ఏటా ఇంతమంది ఇంజనీర్లని తయారుచేసే కాలేజీకి కూడా ఇదే వాడతారు. కొంచెం ఎత్తిపొడుపు ధ్వనిస్తుంది, పిల్లల్ని కుర్చీలతో సమానం చేసినట్టు.

దీపం సంగతి వేరు. అక్కడ ‘అవుట్’ అంటే ఆరిపోవడం. ఊదితే ‘బ్లో అవుట్’, ఆర్పితే ‘పుట్ అవుట్’. గ్యాస్ దీపాలకి మర తిప్పితే ఆరేవి కాబట్టి ‘టర్న్ అవుట్’ అక్కడ చక్కగా అతుకుతుంది. మర పోయి స్విచ్ వచ్చినా మాట మిగిలింది. అందుకే దీపానికి తప్ప వేరే దేనికీ వాడరు. “టర్న్ అవుట్ ద లైట్” ఒప్పు, “టర్న్ అవుట్ ద ఫ్యాన్” తప్పు. ఫ్యాన్‌కి ‘టర్న్ ఆఫ్’.

ఓడల్లో పనిచేసేవాళ్ళ భాషలో పడుకోవడం ‘టర్న్ ఇన్’, లేచి పక్క దిగడం ‘టర్న్ అవుట్’. సైన్యంలో కూడా పిలిచిన వెంటనే బయటికొచ్చి నిలబడటం ఇదే. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది తొడుక్కునే రక్షణ దుస్తులకి ‘టర్నౌట్ గేర్’ అని పేరుంది. పిలుపు రాగానే తొడుక్కుని బయల్దేరేవి కదా.

అందంగా ముస్తాబై ఉన్న మనిషిని ‘వెల్ టర్న్‌డ్ అవుట్’ అంటారు. బ్యాలే నృత్యంలో కాళ్ళని తుంటి దగ్గర్నుంచే బయటివైపుకి తిప్పి నిలబడటాన్ని ‘టర్నౌట్’ అంటారు. ఇవి ఎదురైనప్పుడు తెలిస్తే చాలు, మనం వాడాల్సిన అవసరం అంతగా రాదు.

బద్ధకరాజు:
‘వాజ్’ పెడితే గెంటెయ్యడం, ‘వెల్’ పెడితే ముస్తాబు. “హి వాజ్ వెల్ టర్న్‌డ్ అవుట్” అంటే బాగా గెంటేశారనా?

పాతకలం:
అక్కడ అందరూ ముస్తాబనే అనుకుంటారు నాయనా. ‘వెల్’ ఆ పూచీ తీసుకుంటుంది.

అర్ధరాత్రి చదువరి:
వస్తువు ఎక్కడ పెట్టాలి? ‘టర్న్ అవుట్ ద లైట్’ అనాలా, ‘టర్న్ ద లైట్ అవుట్’ అనాలా?

సుధ టీచర్:
రెండూ సరైనవే. ‘ఇట్’, ‘దెమ్’ లాంటి సర్వనామం అయితే మాత్రం మధ్యలోనే పెట్టాలి. ‘టర్న్ ఇట్ అవుట్’. ‘టర్న్ అవుట్ ఇట్’ అనకూడదు. ఇది దీపం, జేబు, గెంటెయ్యడం లాంటి అర్థాలకే. తేలడానికి వస్తువే ఉండదు కాబట్టి ఈ గొడవే లేదు.

ఎన్నికల వార్తల్లో ఎంతమంది ఓటెయ్యడానికి వచ్చారో చెప్పే ‘టర్నౌట్’ నామవాచకం. కలిపి ఒకే మాటగా రాయాలి, పలికేటప్పుడు ఒత్తు ‘టర్న్’ మీద. క్రియ అయితే విడివిడిగా రాసి ‘అవుట్’ మీద ఒత్తు పెట్టాలి. “ద టర్నౌట్ వాజ్ లో.” “వెరీ ఫ్యూ పీపుల్ టర్న్‌డ్ అవుట్.”

వెన్నెలపిట్ట:
అందరికీ థాంక్స్. మళ్ళీ రాశాను, చూడండి.

“వి థాట్ ద ప్రింటర్ వాజ్ బ్రోకెన్, బట్ ఇట్ టర్న్‌డ్ అవుట్ దట్ నోబడీ హ్యాడ్ ప్లగ్డ్ ఇట్ ఇన్.”
“ద లాంగ్ ఫామ్ టర్న్‌డ్ అవుట్ టు బి ఈజియర్ దాన్ ద షార్ట్ వన్.”
“ఐ వాజ్ వర్రీడ్ అబౌట్ ద స్పీచ్, బట్ ఇట్ టర్న్‌డ్ అవుట్ ఫైన్.”
“ఓన్లీ మై ఫ్రెండ్ టర్న్‌డ్ అవుట్ ఫర్ ద మీటింగ్.”

సుధ టీచర్:
మొదటి మూడూ భేష్. ప్రింటర్ వాక్యంలో ‘హ్యాడ్’ మీరే పెట్టారు, సంతోషం. నాలుగోది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ చెవికి కొంచెం ఎబ్బెట్టు. ఒక్క మనిషి రావడానికి ‘టర్న్‌డ్ అప్’ అంటే బాగుంటుంది.

వెన్నెలపిట్ట:
‘అప్’కీ ‘అవుట్’కీ రెండిటికీ రావడమేనా?

అనువాదకుడు:
జనం ఒక సభకో పోలింగుకో కదిలి వస్తే ‘టర్న్ అవుట్’. అక్కడ చూపు సంఖ్య మీద ఉంటుంది. ఎంతమంది వచ్చారు, పలచగా వచ్చారా, పోటెత్తారా అని. ‘టర్న్ అప్’లో చూపు ఆ మనిషి మీద ఉంటుంది. వచ్చాడా లేదా, ఆలస్యంగా వచ్చాడా, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడా అని. “హి టర్న్‌డ్ అప్ ఎన్ అవర్ లేట్.” ఇక్కడ ‘అవుట్’ పెట్టరు. పోయిన వస్తువు దొరికినా ‘టర్న్ అప్’ అంటారు: “మై గ్లాసెస్ టర్న్‌డ్ అప్ అండర్ ద సోఫా.”

ఒక్క మనిషికి ‘టర్న్ అవుట్’ వాడే సందర్భం బ్రిటిష్ ఇంగ్లీషు ఆటల వార్తల్లో ఉంది. “హి టర్న్‌డ్ అవుట్ ఫర్ ద క్లబ్” అంటే ఆ జట్టు తరఫున ఆడాడని.

బద్ధకరాజు:
నా కళ్ళజోడు కోసం వెతికితే నెత్తి మీదే ఉంది. అది ‘టర్న్‌డ్ అప్’ ఆ, ‘టర్న్‌డ్ అవుట్’ ఆ?

అనువాదకుడు:
దొరికింది అనాలంటే ‘టర్న్‌డ్ అప్’. నెత్తి మీదే ఉందని తేలింది అనాలంటే “ఇట్ టర్న్‌డ్ అవుట్ టు బి ఆన్ మై హెడ్.” మీకు రెండూ అక్కరకొస్తాయి.

నిర్వాహకుడు:
పిన్ చేశాను. ‘టర్న్ అప్’, ‘టర్న్ డౌన్’ గురించి అడగాలనుకునేవాళ్ళు వేరే చర్చ మొదలుపెట్టండి.